తెల్లబావి చీకటి

తిలెక్ నా చెల్లెలి కొడుకు కాకుండా ఇంకెవడైనా అయి ఉంటే వాణ్ణి జిల్లా కోర్టు మెట్లెక్కించి ఉండేవాణ్ణి. పరాయి వంశం వాడైతే పెద్దల్ని కూర్చోబెట్టి పదిమందిలో వాడి టోపీ నేలకి దింపించేవాణ్ణి. ఉత్త దొంగ అయితే ఇంకా సుఖం, ఇంట్లో తుపాకీ ఉంది. కానీ వాడు మేనల్లుడు. మా అదాయ్ తెగవాళ్ళలో మేనల్లుడి మీద కోపం రాకూడదు. వస్తే దాన్ని దించుకోవడానికి చోటు లేదు.

మేనమామ ఇంట్లో మేనల్లుడికి మూడు కోరికలు చెల్లుతాయి. అడిగింది ఇవ్వాలి. అడక్కుండా తోలుకుపోయినా వెనక నుంచి కేకెయ్యకూడదు. మేనల్లుణ్ణి కొట్టిన మామకి ఆ చెయ్యి చచ్చేదాకా వణుకుతుంది. ఈ మాట పెట్టిన తాతల మనసులో గొర్రెపిల్లలూ గుర్రప్పిల్లలూ ఉండి ఉంటాయి. బావి ఉండి ఉండదు.

మొదటి కోరిక వాడికి ఏడేళ్ళప్పుడే తీర్చుకున్నాడు. సున్తీ విందు రోజున, నుదుట తెల్లచుక్క ఉన్న గుర్రప్పిల్ల మెడ కౌగిలించుకుని ఎంతకీ వదల్లేదు. ఇచ్చాను. నా చెల్లెలు ఉల్మెకెన్ అప్పటికి బతికే ఉంది. "ఒకటైపోయిందిరా, మిగతావి చూసి ఖర్చుపెట్టుకో" అని వాడి చెవి మెలేసింది. రెండోది పట్నం చదువుకి పోతూ అడిగాడు. మా ముత్తాత నాటి జీను, వెండి రేకులు తాపడం చేసింది. ఉల్మెకెన్ పోయి అప్పటికి చాలా ఏళ్ళు. తల్లి వైపు గుర్తుగా గోడకి తగిలించుకుంటాడేమో అనుకున్నాను. వాడు దాన్ని పట్నంలో అమ్మి టెలిస్కోపు కొన్నాడు. ఆ సంగతి తర్వాతెప్పుడో వాడే నవ్వుతూ చెప్పాడు.

"జీనేసుకుని ఎంత దూరం పోతావు మామా? మహా అయితే జిల్లా ఊరి దాకా. దీంతో శనిగ్రహం దాకా పోయి రావచ్చు."

నేనూ నవ్వాను. నవ్వక ఏం చెయ్యను, అప్పటికే అమ్మేశాడు.

ఇక మూడోది.

తెల్లబావి మా నాన్నా, పెదనాన్న ఓర్మానూ కలిసి తవ్వింది. ఉస్తుర్త్ మెట్ట అంచున సుద్దకొండలు గోడలా విరిగి పడ్డ చోట, ఒక చలికాలమంతా గునపాలతో తవ్వారు. ఆ చుట్టుపక్కల బావులన్నీ ఉప్పే, ఒంటెలు తప్ప ఏదీ మూతి పెట్టదు. మా బావి నీళ్ళతో టీ కాచుకోవచ్చు. చలికాలం గొర్రెలతో మేము దిగేది అక్కడే. కొండ గాలి ఆపేది, సక్సావుల్ కట్టె పొయ్యికి చాలినంత దొరికేది. నేనూ ఉల్మెకెనూ పుట్టింది అక్కడే. బావి పక్కన చిన్న దిబ్బ ఉంటుంది. సెలవులకి కొడుకుని తీసుకుని వస్తే ఉల్మెకెన్ దాని మీదే వెల్లకిలా పడుకుని వాడికి చుక్కలు చూపించేది. వాడికి ఈ పిచ్చి పట్టింది ఎక్కడంటే అక్కడ.

ఆ ఏడు శీతాకాలం మాంసం కోసం గుర్రాన్ని కోసి, చుట్టాలందరినీ భోజనానికి పిలిచాం. తిలెక్ అక్తావు పట్నం నుంచి పాత జీపులో వచ్చాడు. ముప్ఫై దాటాయి, పెళ్ళి లేదు. మనిషి ఎండిన సక్సావుల్ కొమ్మలాగా ఉన్నాడు. తిని, చేతులు కడిగి, టీ మొదలయ్యాక గొంతు సవరించుకున్నాడు.

"మామా, నాకు నీ దగ్గర ఇంకొకటి మిగిలుంది."

నా భార్య ఖానిషా గిన్నెలో టీ పోస్తూ అంది, "ఇంట్లో ఇంక మిగిలింది నేనే నాయనా. పట్టుకుపో. మీ మామ గుర్రాన్ని కోసి మళ్ళీ విందు చేస్తాడు."

"నువ్వొద్దత్తా. నీ నోటికి జడిసి తోడేళ్ళు కూడా రావు. నా పనికి తోడేళ్ళు కావాలి."

అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే వాడు అన్నాడు, "నాకు తెల్లబావి కావాలి."

ఎవరి చేతిలో గిన్నె వాళ్ళ చేతిలోనే ఉండిపోయింది. ఓర్మాన్ పెదనాన్న ఎనభై దాటిన మనిషి, చెవులు సగం పనిచెయ్యవు. ఆ మాట మాత్రం వినపడింది.

"బావితో ఏం చేస్తావురా? నీకు గొర్రె లేదు, మేక లేదు, పెళ్ళాం కూడా లేదు."

"నీళ్ళ కోసం కాదు తాతా. చీకటి కోసం."

"ఏం కోసం?"

"చీకటి. అక్తావులో ఆకాశం పొగ పట్టిన గాజులాగుంటుంది, ఏమీ కనిపించదు. ఇక్కడ చుట్టూ ఎంత దూరం పోయినా ఒక్క దీపం లేదు. ఇలాంటి చీకటి చూడ్డానికి జనం విమానాలెక్కి వస్తారు. పగలు కొండల్లో తిప్పుతాం, జంతువుల్ని చూపిస్తాం. రాత్రి చుక్కలు."

"చీకటి చూడ్డానికి విమానమెందుకురా? కళ్ళు మూసుకుంటే వాళ్ళ ఊళ్ళో కనపడదా?"

మళ్ళీ నవ్వులు. పెదనాన్న మాత్రం నవ్వలేదు. నా వైపు తిరిగాడు. "ఒరేయ్ కొనిస్‌బాయ్, విను. మెడ మాంసం కూడు కాదు, మేనల్లుడు మన ఇంటివాడు కాడు. పాత సామెత ఊరికే రాలేదు. గుర్రం అడిగితే ఇవ్వు. ఒంటె అడిగితే ఇవ్వు. నీళ్ళు ఎవడికైనా పొయ్యి, శత్రువుకైనా పొయ్యి. బావి ఇవ్వకూడదు. మేనల్లుడు బావి అడిగాడని మా తాతల నాడు కూడా వినలేదు."

"అడగకూడదని మాత్రం ఎవరన్నారు తాతా?" అన్నాడు తిలెక్. వాడి గొంతులో ఎగతాళి లేదు. తర్వాత నాకేసి చూసి, "అమ్మ పుట్టిన చోటు మామా" అన్నాడు.

అంతే. అక్కడ ఇరవైమంది కూర్చుని ఉన్నారు. అడిగేవాడు చచ్చిపోయిన చెల్లెలి కొడుకు. వాడికి ముక్కు, నుదురు, గడ్డం కింద నొక్కు అన్నీ ఉల్మెకెన్‌వే. కాదంటే నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలి? పైగా మనసులో ఇంకో లెక్క. మేనల్లుడు తీసుకున్న గుర్రప్పిల్ల కూడా పొద్దున్నే మన మందలోనే మేస్తుంది కదా. పేరు వాడిది, గడ్డి మనది. బావి కూడా అలాగే ఉంటుందనుకున్నాను.

"తీసుకో" అన్నాను.

పెదనాన్న లేచి కర్ర వెతుక్కున్నాడు. "నా వంతు మట్టి నేను తవ్వాను. నీ వంతు మాట నువ్వు మాట్లాడావు. ఇంక నన్ను అడక్కండి" అని బయటికి పోయాడు.

ఆ సాయంత్రం గిన్నెలు తోముతూ ఖానిషా అంది, "ఏమయ్యా, బావిని కూడా గొర్రెపిల్లలాగా చెవి పట్టుకుని ఇచ్చేశావే."

"నీళ్ళు మనవేనన్నాడు. గొర్రెలు ఎప్పట్లాగే తాగుతాయన్నాడు."

"అన్నాడు" అంది ఖానిషా. ఆ ఒక్క ముక్కే.

మా దగ్గర భూమి సర్కారుది, మనది కౌలు. ఆ కౌలు నా పేరున ఉండేది. చుక్కలు చూడ్డానికి వచ్చేవాళ్ళకి విడిది కట్టే అనుమతి కావాలంటే వాడి పేరున ఉండాలన్నారు. జిల్లా ఆఫీసుకి పోయి మార్పించాను. సంతకం పెట్టి బయటికి వచ్చాక వాడు నా చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. అది నటన అని ఇప్పటికీ అనలేను. అదే నా దరిద్రం.

మొదటి రెండేళ్ళ గురించి అబద్ధం చెప్పను. బాగున్నాయి.

తిలెక్ నాలుగు ఉన్ని గుడారాలు వేశాడు. వసంతంలో సుద్దకొండల కింద అడవి తులిప్ పూలు లేస్తాయి. తాబేళ్ళు బొరియల్లోంచి వచ్చి ఆ పూలు తింటూ తిరుగుతాయి. చేదు మాచిపత్రి వాసన గాలంతా ఉంటుంది. వచ్చినవాళ్ళని పొద్దున్న నేనే తిప్పేవాణ్ణి. కొండ చరియల్లో గవ్వలు, పాతకాలం చేప పళ్ళు ఏరి చేతిలో పెట్టేవాణ్ణి. తోడేలు అడుగు చూపించేవాణ్ణి. ఒక లావుపాటి జర్మనీ ఆయన ఆ అడుగు చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. తిలెక్ నా వైపు తిరిగి, "తోడేలు మళ్ళీ వస్తుందా అని అడుగుతున్నాడు మామా" అన్నాడు.

"నీలాంటి మనిషిని చూశాక రాకుండా ఎలా ఉంటుందని చెప్పు."

తిలెక్ ఏం చెప్పాడో గానీ ఆయన నా భుజం తట్టి చాక్లెట్ ఇచ్చాడు.

పొద్దు వాలాక దిబ్బ మీద నల్ల జమ్ముఖానాలు పరిచేవాళ్ళం. తిలెక్ జనరేటర్ ఆపేసేవాడు. ఫోన్లన్నీ ఒక పెట్టెలో పెట్టించేవాడు. అందరూ పడుకున్నాక వాడు ఏమీ మాట్లాడేవాడు కాదు. చాలాసేపు. మొదట దగ్గులు, నవ్వులు, గుసగుసలు. కాసేపటికి అవి అడుగంటేవి. అప్పుడు పక్షులదారి తెల్లగా కొండ మీంచి కొండ మీదికి పరుచుకునేది. మీ వైపు దాన్ని పాలపుంత అంటారని విన్నాను. మావాళ్ళ లెక్కలో వలసపక్షులు దారి తప్పకుండా దాన్ని చూసుకుంటూ పోతాయి. అప్పుడు తిలెక్ నెమ్మదిగా, "మామా, చెప్పు" అనేవాడు.

నేను చెప్పేవాణ్ణి. ఉత్తరాన కదలకుండా ఉండే చుక్క ఇనుపగుంజ. దానికి రెండు గుర్రాలు కట్టి ఉంటాయి, ఒకటి తెల్లది, ఒకటి బూడిదరంగుది. ఏడుగురు దొంగలు కట్టు విప్పే సందు కోసం రాత్రంతా చుట్టూ తిరుగుతారు. తెల్లారిపోతుంది, విప్పలేరు. మళ్ళీ రాత్రికి వస్తారు.

తిలెక్ వాళ్ళ భాషలో చెప్పేవాడు. ఒకసారి ఒక ముసలావిడ పడుకునే ఏదో అడిగింది. "ఆ గుర్రాలు ఎవరివని అడుగుతోంది మామా." నా జన్మలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. మా నాన్న కూడా చెప్పలేదు. "మావే" అన్నాను. చీకట్లో అందరూ నవ్వారు, మంచి నవ్వు.

నేను ఏడో తరగతి మధ్యలో బడి మాని గొర్రెల వెనక పడ్డవాణ్ణి. నా మాట వినడానికి అప్పటిదాకా మేకలే ఆగేవి, అవీ అన్నీ కాదు. అక్కడ మనుషులు ఆగారు. దానికి మాత్రం నేను తిలెక్‌కి రుణపడి ఉన్నాను.

ఒక రోజు ఖానిషాని కూడా టెలిస్కోపు దగ్గర నిలబెట్టాడు. శనిగ్రహం చుట్టూ వడ్డాణంలాంటి వలయం. ఖానిషా కన్ను పెట్టి చాలాసేపు చూసింది.

"ఎలా ఉందత్తా?"

"ఇంత చిన్నదాని కోసమా నాయనా మా జీను పోయింది?"

వాడు జమ్ముఖానా మీద పడి దొర్లి దొర్లి నవ్వాడు. అచ్చం ఉల్మెకెన్ నవ్వు. ఖానిషా కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

రెండో శీతాకాలం సమాత్ అనేవాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. అక్తావులో హోటళ్ళున్న మనిషి. మెత్తటి బూట్లు, మెత్తటి మాట. డబ్బు పెడతాడట, చెక్క గదులు కడతాడట, పెద్ద టెలిస్కోపు తెస్తాడట. నన్ను "పెద్దాయనా" అని పిలిచేవాడు. నా పేరు చివరిదాకా తెలుసుకోలేదు.

"పెద్దాయనా, ఏమీ అనుకోవద్దు. అతిథులు గొర్రెల వాసన అంటున్నారు. ఫోన్లలో రాస్తున్నారు."

"ఎడారికొచ్చి గొర్రె వాసన వద్దంటే ఎలా బాబూ? సముద్రంలోకి దిగి తడి వద్దన్నట్టు."

"మీరు భలే మాట్లాడతారు" అన్నాడు నవ్వుతూ. "దుమ్ము కూడా లేస్తోంది. టెలిస్కోపు అద్దాల మీద పడుతోంది. కుక్కలు అరుస్తున్నాయి. మంద నీళ్ళకి పొద్దున్నే వచ్చి పోతే అందరికీ మంచిది."

గొర్రెలకి నీళ్ళు మధ్యాహ్నం. మేత మేశాక, ఎండ నడినెత్తికి వచ్చాక. పొద్దున్నే తోలుకుపోతే తొట్టి చుట్టూ నిలబడి నా ముఖం చూసేవి. అయినా తోలాను. తిలెక్ అడిగాడని తోలాను.

మూడో వసంతంలో కంచె వేశారు.

నాకు ఎవరూ చెప్పలేదు. మంద ఎప్పటిలాగే ముందు నడిచే మేకపోతు వెనక వరసలో వచ్చింది. మేకపోతు తీగ దగ్గర ఆగింది. వెనకవి దాన్ని నెట్టాయి. తీగకి అవతల తొట్టి, తొట్టిలో నీళ్ళు. గొర్రెలకి నీళ్ళ వాసన తెలుస్తుంది. అవి అరవడం మొదలుపెట్టాయి. లోపల చెక్క గదుల ముందు అతిథులు కుర్చీలేసుకుని కాఫీ తాగుతున్నారు. ఒకడు ఫోను పైకెత్తి గొర్రెల్ని ఫొటో తీశాడు. కాపలావాడు కొత్తవాడు, నన్నెరగడు. గేటు తియ్యమంటే, "ఆర్డరు లేదు" అన్నాడు.

తిలెక్ పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"మామా, రెండు రోజులు ఓపిక పట్టు. ట్యాంకరు తెప్పిస్తున్నాను. కంచె అవతల తొట్టి కట్టిస్తాను."

"గేటు తియ్యి."

"సమాత్ ఒప్పుకోడు మామా. ఇప్పుడు ఇది నా ఒక్కడిదీ కాదు."

"బావి ఎవరిదిరా?"

"మామా, అరవొద్దు, వాళ్ళు చూస్తున్నారు."

"చూడనీ. చుక్కలు చూడ్డానికే కదా వచ్చారు, మనుషుల్ని కూడా చూడనీ. దాహమేసిన కుక్కని కూడా బావి దగ్గర్నుంచి తోలకూడదు. మీ అమ్మ నీకు చుక్కలు చెప్పింది గానీ ఈ ముక్క చెప్పలేదా?"

"అమ్మని మధ్యలోకి తేకు" అన్నాడు. "బావి అడిగినప్పుడు నేను తెచ్చాను, తెలుసు. నువ్వు తేకు."

కొట్టాను. అరచేత్తో, చెంప మీద. నా కర్ర కింద పడింది. గొర్రెలు అరుస్తూనే ఉన్నాయి. వాడి పెదవి చిట్లింది. వాడు తిరిగి చెయ్యెత్తలేదు, తిట్టలేదు. నెత్తురు నాలుకతో చూసుకుని, మెల్లగా, నా మీద జాలి పడుతున్నట్టు అన్నాడు.

"అయ్యో మామా. నీ చెయ్యి."

ఆ రోజు గేటు తీశారు. ఒక్క రోజే.

మర్నాడు పొద్దున టీ గిన్నె అందుకుంటే సగం ఒళ్ళో పడింది. కుడిచెయ్యి. ఖానిషా చూసింది, గుడ్డ తెచ్చింది. అక్తావులో డాక్టరు నరాల జబ్బని చెప్పి మాత్రలు రాశాడు. ఈ వయసులో చాలామందికి వస్తుందట. ఖానిషా బయటికొచ్చాక, "నరాలట" అంది. మాత్రలు కొనుక్కున్నాం. ఇద్దరం ఆ సంగతి ఇంకెప్పుడూ మాట్లాడుకోలేదు. ఉన్ని కత్తెర పట్టుకోలేను. నలుగురిలో కూర్చుంటే ఆ చేతిని కోటు జేబులో పెట్టుకుంటాను.

ట్యాంకరు కొన్నాళ్ళు వచ్చింది. తర్వాత చెడిపోయిందన్నారు, తర్వాత డ్రైవరు లేడన్నారు. ఉప్పు బావుల నీళ్ళకి గొర్రెలు చిక్కిపోయాయి. చలి రాకముందే మంద మొత్తం అమ్మేశాను. లారీలోకి ఎక్కించేటప్పుడు మేకపోతు తాడు తెంపుకుని పారిపోయింది. కొన్నవాళ్ళు ముసలిది, పోతే పోయిందన్నారు. నాకు తెలుసు ఎక్కడికి పోయిందో. వెళ్ళేసరికి కంచె పక్కన చచ్చి పడి ఉంది, మూతి తీగల మధ్య పెట్టి. కాపలావాడు, "మీదేనా?" అని అడిగాడు. అవునన్నాను. మోసుకుని వచ్చాను.

మేము జిల్లా రోడ్డు పక్క ఊళ్ళోకి మారాం. మందలేని మనిషికి చలికాలం విడిది ఎందుకు?

ఏడాది తిరక్కుండా ఒక సాయంత్రం తిలెక్ వచ్చాడు. జీపు లేదు, ఎవరి లారీలోనో ఎక్కి వచ్చి రోడ్డు మీద దిగాడు. భుజాన సంచి, చేతిలో పొడుగాటి పెట్టె. ఖానిషా చప్పుడు చెయ్యకుండా నేల మీద గుడ్డ పరిచింది. టీ పెట్టింది, నూనెలో వేయించిన పిండి ఉండలు పెట్టింది. వాడు రెండు తిని ఆగిపోయాడు.

"తినవేరా? ఇదివరకు తట్ట ఖాళీ చేసేవాడివి."

"తిన్నానత్తా."

"ఎక్కడ తిన్నావు, గాలా?"

వాడు నవ్వబోయాడు, రాలేదు. చెప్పాల్సింది గిన్నె వైపు చూస్తూ చెప్పాడు. అప్పు కింద కౌలు సమాత్ పేరుకి పోయింది. సమాత్ గాజు గదులు కట్టించాడు. రాత్రిపూట తేళ్ళు, పాములు అని అతిథులు భయపడుతున్నారని తోవల పొడుగునా దీపాలు పెట్టించాడు. దీపాలు వద్దని తిలెక్ గొడవ పెట్టుకున్నాడు. ఇద్దరు మనుషులొచ్చి వాడి సంచి గేటు బయట పెట్టారు.

"దీపాలు పెడితే ఇంక ఏం చూపిస్తారురా?" అంది ఖానిషా.

"ఫొటోలు చూపిస్తారత్తా. తెర మీద."

నేను వాడి టీ గిన్నెని ఎడమచేత్తో వాడి వైపు జరిపాను.

"ఓడలో పనుంది మామా. సముద్రం అవతలి ఒడ్డుకి పోతున్నాను. పొద్దున్నే కురిక్ రేవులో ఎక్కాలి." వాడు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "దీవెన ఇవ్వు. ఇచ్చాక పోతాను."

దీవెన అంటే రెండు అరచేతులూ ముఖం ముందు తెరిచి పట్టుకోవాలి. మాట అయ్యేదాకా పట్టుకుని, తర్వాత ముఖం తుడుచుకోవాలి. ఎదుటివాడూ అలాగే పట్టుకుంటాడు. వాడు అప్పటికే అరచేతులు తెరిచి ఉన్నాడు. నా కుడిచెయ్యి జేబులో ఉంది.

"మూడూ అయిపోయాయి అల్లుడా" అన్నాను.

ఖానిషా చేతిలోంచి గరిటె జారింది.

"ఇది కోరిక కాదు మామా."

"అడిగేది ఏదైనా కోరికే."

వాడు ఆ ఖాళీ అరచేతుల్నే ముఖానికి రాసుకుని లేచాడు. "నిజమే" అన్నాడు. "లెక్క నీదే కరెక్టు." టెలిస్కోపు పెట్టెని గోడ పక్కన నిలబెట్టాడు. "ఇది అమ్మితే జీను తిరిగి రాదు మామా, ఆ కొన్నవాడి దగ్గరికి వెళ్ళి అడిగాను, వెండి ఒలిచేశాడట. ఇదైనా ఇక్కడ ఉండనీ."

ఖానిషా వాడి వెనకే రోడ్డు దాకా వెళ్ళింది. కిటికీలోంచి చూశాను, దుమ్ములో నిలబడి రెండు చేతులూ తెరిచి వాడికి ఏదో చెబుతోంది. మామ ఇవ్వాల్సిన చోట అత్త ఇస్తే అది చెల్లుతుందో లేదో నాకు తెలీదు. లోపలికొచ్చి నాతో తెల్లారేదాకా మాట్లాడలేదు. తెల్లారాక, "టీ తాగు" అంది.

ఓడలో కుదిరాడని విన్నాం. ఆ చలికాలమంతా ఖానిషా ఫోను చేసేది. మొదట మోగేది, ఎవరూ ఎత్తేవారు కాదు. తర్వాత మోగడం కూడా మానేసింది. రేవుకి వెళ్ళి అడిగాను. ఆ పేరు గలవాడు అవతలి ఒడ్డున దిగాడని చెప్పారు, ఎటుపోయాడో ఓడవాళ్ళకి తెలీదట. ఖానిషా ఇంకా వారానికోసారి ఫోను తీసి నొక్కుతుంది. పెట్టె గోడ పక్కనే ఉంది, నేను దాని మీద ఉన్ని దుప్పటి కప్పాను. దుమ్ము పడుతుందని కప్పాను. అంతకన్నా ఏమీ లేదు.

ఓర్మాన్ పెదనాన్న ఈ ఏడు మొదట్లో పోయాడు. చివరి రోజుల్లో తిండి మానేసి, తెల్లబావి నీళ్ళు తెమ్మని అడిగాడు. నేను క్యాను పట్టుకుని వెళ్ళాను. కాపలావాడు గుర్తుపట్టాడు, మంచివాడే, మేకపోతు మనిషివి కదా అన్నాడు. లోపలికి పోనివ్వలేదు గానీ విషయం చెప్పాడు. పిల్లలు పడతారని బావి మీద సిమెంటు మూత వేసేశారట. నీళ్ళన్నీ పట్నం నుంచి వస్తాయట. నన్ను అక్కడే ఆగమని గదిలోకి వెళ్ళి ప్లాస్టిక్ సీసా ఒకటి తెచ్చిచ్చాడు, మూత కూడా తియ్యనిది. దాన్నే గిన్నెలో పోసి పెదనాన్నకి తాగించాను. రెండు గుక్కలు తాగి, నా కళ్ళలోకి చూసి, "తియ్యగా ఉందిరా" అన్నాడు. తెలిసి అన్నాడో తెలీక అన్నాడో చెప్పలేను.

ఇప్పుడు మా ఇంటి కప్పు మీద నిలబడితే దక్షిణాన ఆ దీపాలు కనిపిస్తాయి. ఆకాశం అడుగంతా ఎర్రగా ఉంటుంది. ఇనుపగుంజ ఉత్తరాన కదా, అది ఇంకా కనిపిస్తూనే ఉంది, దొంగలు దాని చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. ఎవరికైనా చెబుదామంటే ఊళ్ళో వాళ్ళకి తెలిసిన కథే.

ఎంత పోయిందని ఊళ్ళో అడుగుతారు. గొర్రెల గురించి అడుగుతున్నారనుకుని మొదట్లో గొర్రెలు చెప్పేవాణ్ణి. జీను చెప్పేవాణ్ణి కాదు, అది ఇచ్చింది. తిలెక్ మాట అడిగితే నాకు పని ఉందని లేచిపోతాను. జిల్లా ఆఫీసులో నా పేరు కొట్టేసిన చోట రాసి ఉన్నదే ఇప్పుడు చెబుతున్నాను: బావి ఒకటి, బీడు నాలుగు వందల పన్నెండు హెక్టార్లు.